మంటకు ముందు, మంటకు పిమ్మట

కారు పందెములలో ఘోర ప్రమాదమునకు లోనై, బ్రతికి బయటపడి, మరల చక్రము పట్టినవారు పలువురు కలరు. అట్టివానిని చూచినప్పుడెల్ల మనకు తోచు ప్రశ్న యొక్కటే: ఇతడు వెనుకటివాడేనా? ఆస్ట్రియా దేశీయుడగు నికీ లౌడా విషయమున ఈ ప్రశ్నకు లెక్కలు దొరకినంత చక్కగా నాకు మరెక్కడను కనబడలేదు.

లౌడా 1949లో వియన్నా నగరమున జన్మించెను. ఇటలీవారి ఫెరారీ కారు నడుపుచు 1975లో ప్రపంచ విజేత యయ్యెను. జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ అను బాట కలదు. అడవులలో, కొండలలో దాదాపు 23 కిలోమీటర్లు మెలికలు తిరుగును. దానిని ఏడు నిమిషములలోపల చుట్టివచ్చిన మొదటివాడు లౌడాయే. అది మిక్కిలి అపాయకరమని వాదించినవాడును అతడే! అంత పొడవున మంటలార్పువారిని, వైద్యులను నిలుపుట యెట్లు? 1976లో అచ్చట పందెము మానుదమని తోడివారిని కోరెను. ఎక్కువమంది ఒప్పుకొనలేదు. తానును నడిపెను.

ఆగస్టు 1వ తేది, రెండవ చుట్టు. కారు అదుపు తప్పి కట్టను ఢీకొని, మండుచు బాటమీదికి వచ్చి పడెను. మెర్జారియో, లంగర్, ఎడ్వర్డ్స్, ఎర్టల్ అను నలుగురు తోడి పందెగాండ్రు తమ కార్లు దిగి అతనిని మంటలనుండి వెలికి లాగిరి. తల, ముఖము కాలెను. విషవాయువులు ఊపిరితిత్తులలోనికి పోయెను. ఆసుపత్రిలో క్రైస్తవగురువు తుది ప్రార్థనయు జరిపెను.

సరిగా ఆరు వారములకు, సెప్టెంబరు 12న, గాయములు మానకయే లౌడా ఇటలీలోని మోంజాలో పందెమున దిగి నాల్గవవాడుగా వచ్చెను. లోకము దానిని ధైర్యమనెను. అచ్చట తొలుత కారు నడిపినపుడు భయముతో కొయ్యబారితినని పిదప అతడే చెప్పుకొనెను.

ఇక లెక్క చూతము. ప్రపంచ విజేతను నిర్ణయించు పందెములలో లౌడా గెలిచినవి 25. మంటకు ముందు 12, పిమ్మట 13. (ముందటివానిలో ఒకటి, బ్రిటిషు పందెము, మొదట వచ్చిన జేమ్స్ హంటును అనర్హుడని తీర్పు చెప్పుటచే దక్కినది.) త్రాసు సమముగనే యున్నది. కాని మరియొక లెక్క కలదు. పందెమునకు ముందు జరుగు పరీక్షలో ఒక్క చుట్టును అందరికన్న త్వరగా తిరిగినవానిని అందరికి ముందు నిలుపుదురు. ఆ స్థానము లౌడాకు 24 మారులు లభించెను. అందు 21 ప్రమాదమునకు ముందటివి, పిమ్మటివి మూడే!

మంట యతని వేగమును హరించెనని తీర్పు చెప్పుట సులభము. నేనట్లు చెప్పజాలను. 1978లో ఫెరారీ విడిచి బ్రాబమ్ కారు నడిపెను. అది తరచు నడుమ ఆగిపోయెడిది. వయస్సును మీరుచుండెను. నిజముగా మారినది వేరొకటి. అది 1976 అక్టోబరు 24న జపానులోని ఫూజీ యొద్ద బయటపడెను.

అది ఆ యేటి ఆఖరి పందెము. లౌడా హంటుకన్న 3 పాయింట్లు ముందుండెను. కుండపోత వాన. ముందు పోవు కారు కానరాదు. కాలిన కనురెప్పలు సరిగా మూతపడవు. రెండు చుట్లు తిరిగి కారు ఆపి దిగిపోయెను. ఇంజను చెడినదని చెప్పుదమని ఫెరారీ ఇంజనీరు ఫోర్గియేరి యనగా వలదనెను. హంటు మూడవవాడై, 69కి 68గా, ఒక్క పాయింటుతో విజేత యయ్యెను. ఆగస్టులో మనసొప్పకున్నను పదిమందితో నడిపినవాడు అక్టోబరులో ఎవరిని అడుగక ఆపెను. దీనిని పిరికితనమన్నవారు లేకపోలేదు.

మరుసటి యేడు మూడు పందెములు గెలిచి మరల ప్రపంచ విజేత యయ్యెను. అందొకటి జర్మనీ పందెమే. అయితే దానిని నూర్‌బర్గ్‌రింగ్ నుండి హాకెన్‌హైమునకు మార్చిరి.

1979లో విరమించి, 1982లో మరల వచ్చిన లౌడా 1984లో మెక్లారెన్ కారు నడిపెను. అదే కారుపై ఫ్రెంచివాడగు అలెన్ ప్రోస్టు ఏడు పందెములు గెలిచెను, లౌడా అయిదు. ఆ యేడు ముందుస్థానము లౌడాకు ఒక్కమారును దక్కలేదు. వెనుకనుండి బయలుదేరి, కారును కాపాడుకొనుచు, దొరకిన పాయింటునెల్ల కూడబెట్టి, 72కు 71½గా, అర పాయింటుతో విజేత యయ్యెను. ఆ సగము లెక్క యెట్లు వచ్చెననగా, మొనాకోలో ప్రోస్టు గెలిచిన పందెమును వానవలన నడుమ ఆపి సగము పాయింట్లే యిచ్చిరి.

1985లో హాలెండునందలి జాండ్‌వోర్టులో అతడు చివరి గెలుపు పొందెను. ప్రోస్టు కడవరకు తరుముచుండెను. ఇరువురి నడుమ ఎడము పావు సెకనుకన్న తక్కువ.