కంట్లో పువ్వు

మా పెదతాతయ్యకు ఎడమకంట్లో పువ్వు ఉండేది. నల్లగుడ్డు మీద మీగడచుక్క ఆరిపోయినట్టు ఒక తెల్లని మచ్చ. "ఎలా వచ్చింది తాతయ్యా?" అని అడిగిన ప్రతి పిల్లవాడికీ ఆయన ఒకే మాట చెప్పేవారు: "కళ్ళంలో తూర్పారబడుతుంటే వడ్లపొట్టు పడిందిరా." అది 1960 ప్రాంతపు సంగతి. ముందు చనుబాలు పోయించారు. తర్వాత ఏదో ఆకుపసరు పిండారు. పది రోజులకు పట్నం తీసుకువెళితే అక్కడెవరో చుక్కలమందు ఇచ్చారట. రెండు రోజులు ఎరుపు తగ్గింది. నెల తిరక్కుండా ఆ కంటి చూపు పోయింది. "నా రాత" అని ఆయన సరిపెట్టుకున్నారు.

ఇటీవల కంటివైద్యపు చరిత్ర చదువుతూ ఒక చోట ఆగిపోయాను. 1879లో జర్మనీలోని గోటింగెన్‌లో థియోడోర్ లేబర్ అనే నేత్రవైద్యుడు ఒక రోగిని గురించి రాశాడు. ఆ రోగి రైతు. ఓట్లు నూరుస్తుండగా పొట్టు ఎగిరి కంట్లో పడింది. కంటి ముందుభాగాన ఉండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా, పుండుపడింది. దాని వెనుక చీము చేరింది. లేబర్ ఆ పుండును గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే సన్నని దారపుపోగులు అల్లుకుని కనిపించాయి. అది ఆస్పర్‌జిల్లస్ అనే బూజు. దానిని కుందేళ్ళ కంట్లో ప్రవేశపెట్టి అక్కడ కూడా పుండు పుడుతుందని చూపించాడు. రాబర్ట్ కోఖ్ క్షయక్రిమిని లోకానికి ప్రకటించడానికి అది మూడేళ్ళ ముందుమాట. కార్నియాకు శిలీంధ్రం వల్ల పుండు పడుతుందని వైద్యగ్రంథాల్లోకి ఎక్కిన మొదటి ఉదంతం ఇదే.

ఓట్లకు బదులు వడ్లు. అంతే తేడా. మా పెదతాతయ్య కథను అంతకు ఎనభై ఏళ్ళ ముందే ఎవరో రాసిపెట్టినట్టు అనిపించింది.

ఆ తర్వాత చాలాకాలం ఈ జబ్బు "అరుదైనది" అన్న పేరుతోనే పుస్తకాల్లో ఉండిపోయింది. యూరపు చలిదేశాలకు అది నిజమే. కానీ ఎవరికి అరుదు? వేడి, తేమ, పొలంపని మూడూ కలిసిన చోట బూజుకు కొదవేమిటి? చూసేవారు లేనందువల్ల అరుదనిపించిన జబ్బులు కొన్ని ఉంటాయి. ఇదీ వాటిలో ఒకటి.

ఆ లెక్క తేలింది మన హైదరాబాదులోనే. ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు 1991 నుంచి పదేళ్ళ రికార్డులు తిరగేసి, పరీక్షలో రుజువైన శిలీంధ్రపు పుండ్లు 1352 మందిలో ఉన్నట్టు 2002లో ప్రకటించారు. వారిలో 736 మందికి ముందు కంటికి దెబ్బ తగిలింది. ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే రెండు జాతులే ఎక్కువ భాగం. వానకాలంలోనూ, చలికాలంలోనూ కేసులు పెరిగాయి.

ఇంతకూ వ్యాధిని పోల్చుకోవడం ఎలా? చూపరికి బాక్టీరియా పుండూ, బూజు పుండూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. బూజు పుండు కాస్త పొడిగా, అంచులు ఈకలు విచ్చుకున్నట్టు ఉంటుందనీ, పక్కన పిల్లమచ్చలు కనిపిస్తాయనీ అంటారు. అయితే కంటిచూపుతో కట్టే ఈ అంచనా తప్పిపోవచ్చు. నమ్మదగినది లేబర్ చేసిన పనే. మొద్దుబార్చే చుక్కలు వేసి, పుండును సన్నని బ్లేడుతో గీకి, గాజుపలక మీద ఉంచి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక్క చుక్క వేస్తారు. క్షారానికి మన కణాలు కరిగిపోతాయి. బూజు గోడల్లో కైటిన్ ఉంటుంది కనుక ఆ పోగులు కరగకుండా నిలుస్తాయి. నిమిషాల్లో తేలిపోయే, ఖర్చు లేని పరీక్ష. పైన చెప్పిన పదేళ్ళ లెక్కలో ఈ పరీక్ష 91 శాతం బూజు పుండ్లను పట్టుకుంది. అదే నమూనాను సాబురో మాధ్యమంలో పెంచితే జాతి పేరు కూడా తెలుస్తుంది గాని, దానికి రోజులు పడుతుంది.

ఈ గీకుడు లేకుండా మందు వేస్తే ఏమవుతుంది? స్టెరాయిడ్ చుక్కలు ఎరుపును అణచివేస్తాయి, నొప్పిని తగ్గిస్తాయి, ఒంట్లోని రక్షణశక్తిని నిద్రపుచ్చుతాయి. ఆ నిద్రలో బూజు లోపలికి పాకుతుంది. "రెండు రోజులు ఎరుపు తగ్గింది" అన్న మాట ఇప్పుడు నాకు మరోలా వినిపిస్తోంది.

కథ అక్కడితో ముగియలేదు. కొందరి కంట్లో పోగులు స్పష్టంగా కనిపించినా శిలీంధ్రపు మందులు పనిచేసేవి కావు. దోషి పిథియం ఇన్సిడియోసం. అది బూజులా కనిపిస్తుందే గాని బూజు కాదు. 1840లలో ఐర్లండు బంగాళాదుంపలను కుళ్ళబెట్టిన తెగులుకు దూరపు చుట్టం. నాటమైసిన్ అనే మందు శిలీంధ్రపు పొరల్లోని ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుంటుంది. పిథియం పొరల్లో అది దాదాపు లేదు, మరి దేనిని పట్టుకోవాలి? దీనిని గుర్తించడానికి ప్రయోగశాలలో ఆకుముక్కలను నీళ్ళలో తేలవేసి, ఈదే సిద్ధబీజాలు పుడతాయేమో చూస్తారు. డి.ఎన్.ఎ. వరుసను కూడా పరిశీలిస్తారు. అలా గుర్తుపట్టిన 13 మంది వివరాలు హైదరాబాదు నుంచే 2015లో వెలువడ్డాయి. విచిత్రమేమంటే, దీనిమీద లినెజోలిడ్, అజిత్రోమైసిన్ వంటి బాక్టీరియా మందులను వాడుతున్నారు.

మా పెదతాతయ్య కాలానికి నాటమైసిన్ మన కళ్ళదాకా రాలేదు. అమెరికాలో కంటిమందుగా దానికి అనుమతి దొరికింది 1978లో. మదురైలో, అమెరికావారి తోడ్పాటుతో జరిగిన పరీక్షలో కొత్తమందు వొరికొనజోల్ కంటే ఈ పాతమందే మెరుగని తేలింది 2013లో. కనుక ఆయన కన్ను దక్కేదని నేను అనలేను. కానీ గాజుపలకా, క్షారమూ, సూక్ష్మదర్శినీ అప్పటికీ ఉన్నాయి. కనీసం ఆ చుక్కలమందు ఆగేది.

ఇప్పుడు కళ్ళాలు తగ్గి యంత్రాలు వచ్చాయి. పొట్టు ఎగరడం మాత్రం ఆగలేదు. మీ ఇంట ఎవరి కంట్లోనైనా పొట్టో, ఆకో, మట్టో పడి ఎర్రబడితే పాలూ పసర్లూ పోయకండి, దుకాణంలో చుక్కలు కొనకండి. గీకి చూసే చోటికి తీసుకువెళ్ళండి. ఏం పడిందో వైద్యుడికి తప్పక చెప్పండి.

"వడ్లపొట్టు పడిందిరా" అన్న ఆ ఒక్క మాటలో సగం రోగనిర్ధారణ ఉంది. పెదతాతయ్య దానిని మాకు వందసార్లు చెప్పారు. అడగవలసిన రోజున ఆయనను అడిగినవారు లేరు.