నెత్తుటి నాళంలో ఉరుము

మెరుపు మెరిశాక ఉరుము వినిపించేలోగా మూడు సెకన్లు గడిస్తే, పిడుగు దాదాపు కిలోమీటరు దూరాన పడినట్టు. రాయలసీమలోని కొండాపురం నల్లరేగడి చేలో, శనగ విత్తడానికి వాన కోసం మబ్బు వైపు చూసే రైతుకీ, ఒంట్లో నెత్తుటి నాళం ఎంత లోతున ఉందో వెతికే శాస్త్రవేత్తకీ లెక్క ఒకటే. లేజర్ ఒక్కసారి తళుక్కుమంటుంది. ఆ కాంతిని పీల్చుకున్న నెత్తురు డిగ్రీలో వెయ్యోవంతు వేడెక్కినా చాలు, ఉబ్బి చిన్న శబ్దతరంగాన్ని పుట్టిస్తుంది. అది చర్మం మీద పెట్టిన, శబ్దాన్ని పట్టే ప్రోబ్‌కు ఎంత ఆలస్యంగా చేరిందో చూసి లోతు కడతారు. ఇదే ఫోటోఅకౌస్టిక్ ఇమేజింగ్.

దీని మూలం 1880 నాటిది. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఆయన సహాయకుడు చార్లెస్ సమ్నర్ టైంటర్ సూర్యకాంతి మీద మాటను పంపే ఫోటోఫోన్ తయారుచేస్తున్నారు. కాంతిని ఆపుతూ వదులుతూ ఘనపదార్థాల మీద పడేస్తే అవి సన్నగా పలికాయి. మరుసటి ఏడు గమనించిందేమిటంటే, అన్నిటికన్నా గట్టిగా పలికేవాటిలో దీపపు మసి ఒకటి. నల్లటిది కాంతిని ఎక్కువ తాగుతుంది మరి. ఈ మసి సంగతి గుర్తుంచుకోదగ్గది.

లేజర్ 1960లో గానీ రాలేదు. అంతవరకు ఈ విద్య చాలామటుకు వాయువుల పరిశీలనకే పరిమితమైంది.

ఆ మధ్యకాలంలోనే తెలుగునేల మీద కాంతికీ శబ్దానికీ ఉన్న బంధుత్వాన్ని మరో వైపు నుంచి పట్టుకున్నవారున్నారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం, ఆయన శిష్యుడు బి. రామచంద్రరావు 1940లలో అల్ట్రాసౌండ్‌తో కాంతిని వంచారు. ద్రవంలోకి ఆ తరంగాలు పంపితే ఒత్తిడి పెరిగిన పొర, తగ్గిన పొర వరుసగా ఏర్పడి, సన్న కమ్మీల కిటికీలా కాంతిని పక్కలకు చీలుస్తాయి. బెంగళూరులో సి.వి. రామన్, నాగేంద్రనాథ్ 1935–36లో దీనికి సిద్ధాంతం రాశారు. వాల్తేరు బృందం ఈ పద్ధతితో స్ఫటికాల స్థితిస్థాపకత కొలిచింది. అక్కడ శబ్దం కాంతిని నడిపిస్తే, ఫోటోఅకౌస్టిక్స్‌లో కాంతే శబ్దాన్ని కంటుంది. ఆ రోజుల్లో తెలుగునేల మీది ఒక విశ్వవిద్యాలయంలో ఇంత పని జరగడం మనం మరింత తరచుగా తలుచుకోవాల్సిన విషయం.

ఒంటి లోపలికి కాంతి సూటిగా పోదు. మిల్లీమీటరు దాటితే పాలలో వేసిన టార్చి వెలుగులా చెదిరిపోతుంది. శబ్దం అంతగా చెదరదు. అందుకే లోపలికి కాంతిని పంపి, బయటకు శబ్దాన్ని రప్పించారు. శాస్త్రవేత్త లిహాంగ్ వాంగ్ బృందం 2003లో బతికి ఉన్న ఎలుక మెదడును చర్మం, పుర్రె తెరవకుండానే ఇలా చిత్రించింది. ఆక్సిజన్ ఉన్న నెత్తురు, లేని నెత్తురు వేర్వేరు రంగుల కాంతిని వేర్వేరు మోతాదుల్లో పీల్చుకుంటాయి కాబట్టి, రంగు మార్చి చూస్తే కణజాలం ఎంత ఊపిరి పీలుస్తోందో కూడా తెలుస్తుంది.

ఈ చరిత్రలో తెలుగు ఇంటిపేర్లు మళ్లీ తగులుతాయి. బోస్టన్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన చంద్ర ఎల్లేశ్వరపు, శ్రీరాజశేఖర్ కొత్తపల్లితో కలిసి, లేజర్ తీవ్రత పెరిగేకొద్దీ పదార్థం కాంతిని పీల్చే తీరు ఎలా మారుతుందో శబ్దంతోనే కొలిచే పద్ధతిని 2010లో ప్రచురించారు. కొత్తపల్లి స్టాన్‌ఫర్డ్‌లో సంజీవ్ గంభీర్ బృందంతో పనిచేశారు. మగవారి ప్రోస్టేట్ గ్రంథిని అల్ట్రాసౌండ్‌తోనూ ఫోటోఅకౌస్టిక్స్‌తోనూ ఒకేసారి చూసే పరికరం గురించి వారి పత్రం 2019లో వెలువడింది. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుమందును నరంలోకి ఎక్కిస్తే గ్రంథి లోపలి చిత్రం మరింత స్పష్టపడింది. ఇలాంటి పనికే కొన్ని ప్రయోగశాలల్లో బంగారు నానోకణాలు వాడుతున్నారు; ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో గ్రాముల్లో తూగే లోహం ఇక్కడ కంటికి ఆనని రేణువుగా మారి కాంతిని పీల్చి పలుకుతుంది.

1881 నాటి మసి ఇక్కడ తిరిగొస్తుంది. చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని బాగా తాగుతుంది. చామనఛాయ, నలుపు ఒళ్ల మీద లేజర్ పడితే ముందుగా చర్మమే గట్టిగా పలికి, లోపలికి చేరే కాంతిని తగ్గిస్తుంది. సీమలో పొలం పనిచేసే మనిషి చేతి మీద లోతైన నాళం వినిపించాలంటే ఈ పైచప్పుడును విడదీయాలి; ఆ పని మీద పరిశోధనలు ఇప్పటికీ సాగుతున్నాయి.