ధాత కరువు, ఒక కాలువ, నాలుగు పుస్తకాలు

ఈ ఎపిసోడ్‌లో చదవాల్సిన క్రైస్తవ పుస్తకాల గురించి మాట్లాడుకుందాం. కథలు, నవలలు కాదు. నిజంగా జరిగింది చెప్పే పుస్తకాలు.

మన గార్లదిన్నె చుట్టుపక్కల ఏ క్రైస్తవుల ఇంటికి పోయినా బైబిల్ ఉంటుంది, పాటల పుస్తకం ఉంటుంది. కానీ మన తాత ముత్తాతలు ఈ విశ్వాసంలోకి ఎట్లా వచ్చారు, ఎందుకొచ్చారు అని చెప్పే పుస్తకం మాత్రం కనపడదు. దాంతో ఏమవుతుందంటే, ఎవరైనా "మీవాళ్లు కరువులో గంజి కోసం మతం మారినోళ్లే కదా" అంటే, పిల్లోళ్లు తల దించుకుంటారు. ఆ మాట ఎంత నిజమో చూడాలంటే చరిత్ర చదవాల్సిందే.

మొదటి పుస్తకం, 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'. 1914లో వచ్చింది. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కథ ఇది. ఆయన చెప్తుంటే భార్య ఎమ్మా రాసింది. పుస్తకం వచ్చేసరికి ఆయన చనిపోయి నాలుగేళ్లయింది.

1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువును మన పెద్దోళ్లు ధాత కరువు అంటారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, మనం బళ్లారి జిల్లాలో ఉన్నాం. బళ్లారి, కర్నూలు, కడప ఘోరంగా దెబ్బతిన్నాయి. అదే కరువు ఒంగోలునూ పట్టింది. ప్రభుత్వం కరువు పని కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, క్లౌ అందులో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయనకు సర్వే పని ముందే వచ్చు. ఊరికే తిండి పెట్టకుండా పని ఇచ్చి కూలి ఇచ్చాడు. ఆ పనికి వచ్చినోళ్లలో చాలామంది మాదిగలు.

ఇప్పుడు అసలు విషయం. కరువు నడుస్తున్నన్నాళ్లూ, ఏడాదికి పైగా, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినోళ్లను ఆగమన్నాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన భయం. వానలు పడి, సాయం డబ్బులు ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి: 1867లో ఎనిమిది మందితో మొదలైన ఒంగోలు సంఘం, కరువుకు ముందే మూడు వేలు దాటింది.

అట్లని కరువుకు సంబంధమే లేదు అనలేం. కష్టంలో ఎవరు మనిషిగా చూశారో జనం గుర్తుపెట్టుకుంటారు. గంజికి అమ్ముడుపోవడం వేరు, మర్యాద ఇచ్చినోడిని నమ్మడం వేరు. ఇంకో మాట, ఇది మిషనరీ తన గురించి తాను చెప్పుకున్న కథ. కొంచెం జాగ్రత్తగా చదవాలి.

అందుకే రెండో పుస్తకం కావాలి. 'వైల్ సూయింగ్ శాండల్స్', 1899. ఇదీ ఎమ్మా రాసిందే. ఇందులో హీరో మిషనరీ కాదు, మాదిగలే. వాళ్ల మాతంగి కథలు, గురువులు, యోగుల బోధలు ఉంటాయి. 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య అంతకుముందే దేవుణ్ణి వెతుక్కుంటూ గురువుల దగ్గర తిరిగిన మనిషి. అంటే ఎవరో వచ్చి ఖాళీ బుర్రలో ఏదో పోయలేదు. వెతుకులాట ముందు నుంచే ఉంది.

మూడోది, సుసాన్ బిల్లింగ్టన్ హార్పర్ రాసిన 'ఇన్ ది షాడో ఆఫ్ ది మహాత్మా', 2000లో వచ్చింది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య జీవితం. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. మతమార్పిడి మీద ఆయనకూ గాంధీకీ వచ్చిన గొడవ ఇందులో వివరంగా ఉంది. ఇద్దరూ దేశాన్ని ప్రేమించినవాళ్లే, కానీ దళితుడికి తన దారి తాను ఎంచుకునే శక్తి ఉందా అన్న దగ్గర విడిపోయారు.

నాలుగోది, సుజాత గిడ్ల 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్', 2017. భక్తి పుస్తకం కాదు, మతాన్ని పొగడదు కూడా. ఒక తెలుగు దళిత క్రైస్తవ కుటుంబం చరిత్ర. చదువు వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి, కులం మాత్రం వదల్లేదు. పై మూడూ చదివి సంతోషపడినోళ్లు ఇది కూడా చదవాలి. లేకపోతే సగం కథే తెలిసినట్టు.

మొదటి రెండు పాతవి కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. నాలుగూ ఇంగ్లీషులో రాసినవే. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలకు రోజూ రెండు పేజీలు మీరే చదివి తెలుగులో చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, క్లౌ పుస్తకంలో కరువు అధ్యాయంతో.

లండన్ మిషన్ వాళ్లు బళ్లారిలో 1810లోనే పని మొదలుపెట్టారు. గుత్తి, బళ్లారి వైపు పాత చర్చీలు ఉన్న ఊళ్లలో బాప్తిస్మం రిజిస్టర్లు ఉంటే, చెదలు పట్టకముందే పెద్దల అనుమతి తీసుకుని ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి. పేర్లు, ఊళ్లు, తేదీలు అన్నీ వాటిల్లో ఉంటాయి. ఐదో పుస్తకం అక్కడినుంచే రావాలి.