కొరియా రైతు వీపు మీది పంగకర్రలు

మనకు కావడి ఎలాగో, కొరియా రైతుకు 'జిగె' అలాగ. కావడి బరువు భుజం మీద పడుద్ది, జిగె బరువు వీపంతా పంచుకుంటుంది.

చేసే పద్ధతి చూడండి. పంగ ఉన్న పైన్ కొమ్మలు రెండు, జతకి సరిపోయేవి వెతికి కొడతారు. పైన దగ్గరగా, కింద ఎడంగా నిలబెట్టి మధ్యలో బెజ్జాలు తొలిచి అడ్డకర్రలు దిగ్గొడతారు. వెనక్కి పొడుచుకొచ్చిన పంగల మీదే బరువు. వీపుకి ఒత్తుకోకుండా గడ్డితో అల్లిన మెత్త, భుజాలకి వరిగడ్డి పేనిన పట్టీలు. కొలత మోసేవాడి ఎత్తుని బట్టే. దించినప్పుడు చేతిలోని పంగకర్రే దానికి పోటు. పక్కన మనిషి అక్కర్లేదు, తనే ఎత్తుకుంటాడు, తనే దించుకుంటాడు. మోపు నెత్తికెత్తేవాళ్ల కోసం గట్టు మీద ఎదురుచూసిన మనకి ఆ సుఖం తెలుసు కదండీ!

1950లో యుద్ధం వచ్చింది. లారీలు ఎక్కలేని కొండల మీదికి సైన్యానికి మందుగుండు, తిండి ఈ జిగెల మీదే వెళ్లాయి. అందుకోసం 1951లో పెట్టిన కొరియా సర్వీస్ కోర్‌లో చాలామంది సైన్యంలో చేరే వయసు దాటినవాళ్లే. మనిషికి 50 పౌండ్లు, అంటే దాదాపు 23 కిలోలు, రోజుకి 10 మైళ్లు లెక్క. చట్రం ఇంగ్లీషు 'ఏ' అక్షరంలా ఉందని అమెరికా సైనికులు వాళ్లని 'ఏ-ఫ్రేమ్ ఆర్మీ' అన్నారు. పేరుకే ఆర్మీ. పొలంలో పేడ మోసిన చట్రంతోనే గుండ్లు పైకి మోశారు, దిగేటప్పుడు గాయపడ్డవాళ్లని కిందికి మోసుకొచ్చారు.