బుఖారా (రెస్టారెంటు)

బుఖారా భారతదేశ రాజధాని న్యూఢిల్లీలోని ఐటీసీ మౌర్య హోటలులో ఉన్న ఒక ప్రసిద్ధ రెస్టారెంటు. భారత ఉపఖండపు వాయవ్య సరిహద్దు ప్రాంతపు వంటకాలకు, ముఖ్యంగా తందూరులో కాల్చిన కబాబులకు, "దాల్ బుఖారా" అనే మినుముల వంటకానికి ఇది పేరుపొందినది. 1977లో ప్రారంభమైనప్పటినుండి దీని వంటకాల పట్టికలో చెప్పుకోదగిన మార్పులు జరగలేదు. ఇక్కడ బల్లలపై చెంచాలు, ఫోర్కులు అమర్చరు. అతిథులు చేతితోనే భుజిస్తారు. ఈ రెస్టారెంటు పేరును, రూపురేఖలను ఇతరులు వాడుకొనడంపై అమెరికా న్యాయస్థానాలలో 2003 నుండి 2008 వరకు నడిచిన వ్యాజ్యం వ్యాపార చిహ్నాల చట్టాన్ని చదివేవారికి బాగా పరిచితమైనది.

పేరు

బుఖారా మధ్య ఆసియాలో, నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉన్న ప్రాచీన నగరం. పట్టుదారిగా పిలువబడే పురాతన వర్తకమార్గంపై ఇది ముఖ్యమైన మజిలీ. రెస్టారెంటుకు ఈ పేరు ఆ వర్తకమార్గాన్ని స్ఫురింపజేయడానికే గాని, ఇక్కడి వంటలు ఆ నగరానివి కావు. వీటి మూలాలు పెషావర్, పంజాబు ప్రాంతాలలో ఉన్నాయి. దాల్ బుఖారాకు ఆధారమైన మినుములైతే భారత ఉపఖండపు పంటే.

నేపథ్యం

తందూరు పొయ్యి వాయవ్య ప్రాంతంలో చాలాకాలంగా వాడుకలో ఉన్నప్పటికీ, ఢిల్లీ హోటళ్ళలో దానికి ప్రాచుర్యం 1947 దేశవిభజన తరువాతనే వచ్చినది. పెషావర్ నుండి కాందిశీకులుగా వచ్చినవారు దర్యాగంజ్‌లో స్థాపించిన మోతీ మహల్ ఇందుకు ముఖ్యకారణం. తందూరీ చికెన్, బటర్ చికెన్, దాల్ మఖనీ వంటివి ఉత్తరభారతమంతటా వ్యాపించడానికి ఆ భోజనశాల ఎంతో దోహదం చేసింది.

అయితే ఐదు నక్షత్రాల హోటళ్ళలో పరిస్థితి వేరుగా ఉండేది. 1970ల వరకు అటువంటి చోట్ల ఐరోపా వంటకాలకే ప్రతిష్ఠ ఎక్కువ. భారతీయ వంటకాలు వడ్డించినా, వాటిని తెల్లని బల్లగుడ్డల మీద కత్తి, ఫోర్కులతో తినవలసినదే. పొగాకు వ్యాపారంతో మొదలైన ఐటీసీ సంస్థ 1975లో మద్రాసులోని చోళ హోటలుతో ఈ రంగంలోకి ప్రవేశించింది. ఢిల్లీలో మౌర్య హోటలు దాని వెనుకనే వచ్చినది. బౌద్ధ చైత్యాన్ని తలపించే పైకప్పు, చిత్రకారుడు కృషెన్ ఖన్నా వేసిన భారీ కుడ్యచిత్రం ఈ హోటలు ముఖమంటపానికి ప్రత్యేకతలు. ఈ హోటలులోనే బుఖారా, తరువాత అవధ్ వంటకాల కొరకు దమ్ పుఖ్త్, 1989లో చెన్నైలో దక్షిణాది వంటకాల కొరకు దక్షిణ్ ఏర్పడినవి. ఒక ప్రాంతపు వంటను దాని పరిసరాలతో సహా ఖరీదైన హోటలులో నిలబెట్టడం అనే పద్ధతికి ఈ మూడూ మంచి ఉదాహరణలు.

భోజన విధానం

భోజనశాలలో రాతి గోడలు, గోడలపై తివాచీలు, వేలాడే రాగి పాత్రలు, ముతక కొయ్య బల్లలు కనిపిస్తాయి. కూర్చొనడానికి వీపు ఆనని పొట్టి పీటలు ఉంటాయి. ఇంత ఖరీదు చెల్లించి రెండు గంటలు పీటమీద కూర్చోవలసి రావడం కొందరు అతిథులకు రుచించదు. వంటగది ఒక గాజు గోడ వెనుక ఉండడంవలన వంటవారు ఇనుప చువ్వలను తందూరులోకి దించడం, రొట్టెలను గోడకు కొట్టడం అతిథులకు కనబడుతూనే ఉంటుంది.

వంటకాల పట్టికను కొయ్యపలకపై అచ్చువేసి ఇస్తారు. ప్రతి అతిథికి మెడకు కట్టుకొనడానికి ఎరుపు, తెలుపు గళ్ళ గుడ్డ ఇస్తారు. దేశాధ్యక్షులు కూడా ఈ గుడ్డ కట్టుకొని, చేతితో మాంసం తుంచుకొని తిన్నారన్నది బుఖారా ఖ్యాతికి ఒక ముఖ్యకారణం. కోరినవారికి చెంచా, ఫోర్కు తెచ్చి ఇస్తారు.

చేతితో తినడం తెలుగువారికి గాని, ఇతర భారతీయులకు గాని చెప్పుకోవలసినంత విశేషం కాదు. విస్తరిలో పప్పన్నం కలుపుకొనేవారికి అది నిత్యకృత్యమే. బుఖారా చేసిన పని, ఇంట్లో సహజమై, పెద్ద హోటలులో మోటుగా పరిగణింపబడిన ఆ అలవాటును అక్కడి మర్యాదగా మార్చడం. రొట్టెను తుంచి, దానితో పప్పును అద్దుకొని తినే వంటకాలకు ఈ పద్ధతి అనుకూలం కూడా.

ముఖ్య వంటకాలు

దాల్ బుఖారా: పొట్టు తీయని నల్ల మినుములను టమాటా, అల్లం, వెల్లుల్లితో కలిపి బొగ్గుల సన్నని సెగపై రాత్రంతా ఉడికిస్తారు. చివర మీగడ, వెన్న చేరుస్తారు. మినుముల పైపొట్టు మందమైనది కనుక త్వరగా మెత్తబడదు. గంటల తరబడి ఉడికినప్పుడు గింజ పగిలి, అందులోని జిగురు, పిండి నీటిలో కలిసి పప్పు దానంతటదే చిక్కబడుతుంది. దీనిని దాల్ మఖనీకి దగ్గరి చుట్టంగా చెప్పవచ్చు. తెలుగు ఇళ్ళలో మినుములు ఎక్కువగా గారెలకు, ఇడ్లీలకు, సున్నుండలకు పోతాయి. వాటిని ఇలా గింజపళంగా రాత్రంతా వండే అలవాటు తక్కువ. దాల్ బుఖారాను "కిచెన్స్ ఆఫ్ ఇండియా" అనే పేరుతో ఐటీసీ సంస్థ వేడిచేసి తినదగిన పొట్లాలలో కూడా అమ్మింది.

సికందరీ రాన్: పొట్టేలు లేదా మేక తొడను వెనిగరు, దాల్చిన చెక్క, షాజీరా, ఎండుమిరప ముద్దలతో మగ్గబెట్టి, ఆపై చువ్వకు గుచ్చి తందూరులో కాలుస్తారు. ముందే మెత్తబడి ఉండడంవలన తందూరు చేయవలసినది పైభాగాన్ని కాల్చడమే. ఎముక పట్టుకొంటే మాంసం వేళ్ళతోనే ఊడివస్తుంది.

వీటితోపాటు బర్రా కబాబు, మీగడ, జున్ను పట్టించిన ముర్గ్ మలై కబాబు, సీఖ్ కబాబు, తందూరీ రొయ్యలు లభిస్తాయి. శాకాహారులకు పనీర్ టిక్కా, కూరిన తందూరీ ఆలూ, కాలీఫ్లవరుతో చేసిన తందూరీ ఫూల్ ఉన్నాయి. ఒక బల్ల చుట్టూ కూర్చున్నవారందరూ తుంచుకొని తినదగినంత పెద్దదైన నాన్ బుఖారా రొట్టె కూడా ప్రసిద్ధం. తీపి పదార్థాలలో ఫిర్నీ, కుల్ఫీ చెప్పదగినవి.

హోటలులో బసచేసిన అమెరికా అధ్యక్షులు బిల్ క్లింటన్, బరాక్ ఒబామాల పేర్లతో కూర్చిన భోజనపు పళ్ళేలు తరువాత పట్టికలో చేరాయి. అయితే అవి ఉన్న వంటకాలనే కలిపి వడ్డించే ఏర్పాట్లు. 2000ల దశకంలో బ్రిటన్‌కు చెందిన "రెస్టారెంట్" పత్రిక ప్రకటించే ప్రపంచపు 50 ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో బుఖారాకు చోటు దక్కినది.

శాఖలు

ఐటీసీ సంస్థ సొంతంగా గాని, అనుమతి ఒప్పందాల ద్వారా గాని హాంగ్‌కాంగ్, బ్యాంకాక్, సింగపూరు, ఖాట్మండు, అజ్మాన్ తదితర చోట్ల బుఖారాలను తెరిచినది. వీటిలో చాలావరకు కొన్నేళ్ళకే మూతపడినవి. న్యూయార్కు శాఖ 1986లో మొదలై 1991 డిసెంబరులో మూతపడింది. 1987లో మొదలైన చికాగో శాఖ అనుమతిని 1997లో రద్దుచేశారు.

భారతదేశంలోని ఇతర నగరాలలో ఇదే తరహా భోజనాన్ని సంస్థ "పెషావరీ" అనే పేరుతో అందిస్తున్నది. ఆగ్రా, ముంబైలతోపాటు హైదరాబాదు బేగంపేటలోని ఐటీసీ కాకతీయ హోటలులో కూడా పెషావరీ ఏర్పడినది. దాల్ బుఖారా అక్కడ కూడా వడ్డిస్తారు. వంటల స్వభావాన్ని బట్టి చూస్తే ఈ పేరే ఎక్కువ సరిపోతుంది.

న్యూయార్కు వ్యాజ్యం

1999లో న్యూయార్కు నగరంలో కొందరు కలిసి "బుఖారా గ్రిల్" అనే రెస్టారెంటును తెరిచారు. వారిలో ఢిల్లీ లేదా న్యూయార్కు బుఖారాలలో ఇంతకుముందు పనిచేసినవారు ఉన్నారు. 2001లో రెండవ శాఖ కూడా తెరిచారు. చిహ్నం, అలంకరణ, సిబ్బంది దుస్తులు, కొయ్యపలకపై వంటకాల పట్టిక, గళ్ళ మెడగుడ్డ మొదలైనవన్నీ తమవాటిని పోలి ఉన్నాయని ఆరోపిస్తూ ఐటీసీ 2003 ఫిబ్రవరిలో దావా వేసింది. ఈ వ్యాజ్యం "ఐటీసీ వర్సెస్ పంచ్‌గిని" అనే పేరుతో ప్రసిద్ధమైనది.

బుఖారా పేరును ఐటీసీ 1987లోనే అమెరికాలో నమోదు చేసింది. కాని అక్కడి చట్టం ప్రకారం ఒక చిహ్నాన్ని వరుసగా మూడేళ్ళు వాడకపోతే దానిని వదులుకొన్నట్లుగా ప్రాథమికంగా భావిస్తారు. చికాగో శాఖ ముగిసిన తరువాత ఐటీసీ అమెరికాలో మరో బుఖారాను తెరవలేదు. 2005లో జిల్లా న్యాయస్థానం, 2007 మార్చిలో రెండవ సర్క్యూటు అప్పీళ్ళ న్యాయస్థానం ఈ కారణంగా ఐటీసీ హక్కు పోయినదని నిర్ణయించాయి.

విదేశంలో ప్రఖ్యాతమైన చిహ్నానికి, స్థానికంగా వాడకపోయినా రక్షణ ఉండాలన్నది ఐటీసీ రెండవ వాదన. పారిస్ ఒప్పందంలో ఇటువంటి నియమం ఉన్నది. అమెరికా సమాఖ్య చట్టంలో అట్టి హక్కును కాంగ్రెసు స్పష్టంగా చేర్చలేదని చెబుతూ అప్పీళ్ళ న్యాయస్థానం దానిని తిరస్కరించి, న్యూయార్కు రాష్ట్రచట్టపు సంగతిని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానానికి నివేదించింది. రాష్ట్ర న్యాయస్థానం 2007 డిసెంబరులో ఇచ్చిన సమాధానం మధ్యేమార్గం వంటిది. ఉద్దేశపూర్వకంగా అనుకరించినట్లు, స్థానిక వినియోగదారులు ఆ పేరును విదేశీ సంస్థతో ముడిపెట్టి చూస్తున్నట్లు నిరూపిస్తే పరిహారానికి అవకాశం ఉన్నదని తెలిపింది. ఇందులో రెండవ అంశానికి ఐటీసీ తగిన ఆధారం చూపలేదని 2008 ఫిబ్రవరిలో అప్పీళ్ళ న్యాయస్థానం వ్యాజ్యాన్ని ముగించింది. ఢిల్లీలో పీటమీద కూర్చొని తిన్న అనుభవం ఎంత ప్రసిద్ధమైనా, న్యూయార్కువాసులు బుఖారా పేరు విన్నప్పుడు ఢిల్లీని తలచుకొంటారని చూపడం సులభం కాలేదు. బుఖారా పేరుతో ఐటీసీకి సంబంధం లేని భోజనశాలలు ఇతర దేశాలలో కూడా ఉన్నాయి.

భారతదేశంలో ఫలితం ఇందుకు భిన్నంగా వచ్చినది. 2022లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం బుఖారాను సుప్రసిద్ధ వ్యాపార చిహ్నంగా ప్రకటించింది. దీనివలన ఇతర రంగాలలో సైతం ఆ పేరుకు రక్షణ లభిస్తుంది. వంటకాల సంగతి వేరు. పేరును నమోదు చేసినట్లుగా ఒక పప్పును వండే పద్ధతిని సొంతం చేసుకొనడం కష్టం. దాల్ మఖనీ, బటర్ చికెన్ ఎవరు సృష్టించారన్న విషయమై మోతీ మహల్, దర్యాగంజ్ అనే రెస్టారెంట్ల మధ్య వివాదం 2024లో అదే న్యాయస్థానం ముందుకు వచ్చినది.

2025 జనవరి 1 నుండి ఐటీసీ హోటళ్ళ వ్యాపారం మాతృసంస్థనుండి విడిపోయి ఐటీసీ హోటల్స్ అనే ప్రత్యేక కంపెనీగా ఏర్పడినది.