విలన్: పొలంలో పుట్టిన మాట

విలన్ అనగానే మనకు రాజనాల నవ్వు వినిపిస్తుంది. మాట మాత్రం పుట్టింది పొలాల్లో. లాటిన్‌లో ‘విల్లా’ అంటే పల్లెలో భూస్వామి ఇల్లు, దాని కమతం. అక్కడ పనిచేసేవాణ్ని ‘విల్లానుస్’ అన్నారు. పాత ఫ్రెంచిలోకి వచ్చేసరికి ఆ పల్లెటూరివాడు కాస్తా మోటువాడు, ఆపైన నీచుడు అయ్యాడు. కలం పట్టింది కోటలవాళ్లు కదా!

2009లో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ వీడియో గేమ్‌లో విలన్ లోగెయిన్. ఈ సేనాపతి కూడా రైతుబిడ్డే. ఆస్టగార్ యుద్ధంలో గోపురంమీద సంకేతాగ్ని వెలుగుతుంది, అతను దాడికి దిగాలి. దిగడు. సైన్యాన్ని వెనక్కి మళ్లించి, రాజును చావుకు వదిలేస్తాడు. ఓడిపోయే యుద్ధానికి సైన్యాన్ని బలిపెట్టనన్నది అతని వాదన. ఒకప్పుడు తన దేశాన్ని ఆక్రమించిన పొరుగువాళ్లను రాజు సాయానికి పిలుస్తున్నాడన్న కోపమూ ఉంది.

చివర్లో అతన్ని చంపాలా, క్షమించి మన దళంలో చేర్చుకోవాలా అన్నది ఆటగాడి ఇష్టం. చేర్చుకుంటే, మొదటినుంచీ మన వెంట ఉన్న అలిస్టర్ ఛీకొట్టి వెళ్లిపోతాడు. ఎటు తేల్చినా ఒకడు పోవాల్సిందే. ఊరికే లోకాన్ని తగలబెట్టే రాక్షసులకంటే ఈ రైతుబిడ్డే గట్టి విలన్.