టీ షాపుల కంపెనీ కంప్యూటర్ ఎందుకు తయారు చేసింది?

ఆఫీసు పనికి కంప్యూటర్‌ని మొదట దింపింది ఎవరు అని అడిగితే చాలామంది ఐబీఎం అంటారు. కాదండీ. లండన్‌లో టీలు, కేకులు అమ్ముకునే జె. లయన్స్ అండ్ కో అనే కంపెనీ!

వీళ్లది చిల్లర బేరం. ఒక్కో కప్పు మీద మిగిలేది చాలా తక్కువ, బిల్లులేమో లక్షల్లో. లెక్క రాసే గుమస్తాల ఖర్చే లాభాన్ని తినేసే పరిస్థితి. అందుకే 1923లో జాన్ సిమన్స్ అనే కేంబ్రిడ్జ్ గణితం కుర్రాణ్ని తెచ్చుకున్నారు. ఆఫీసులో ఏ కాగితం ఎందుకు తిరుగుతోంది, అసలది అవసరమా అని చూడ్డానికి ఒక విభాగమే పెట్టారు. కంప్యూటర్ అప్పటికింకా పుట్టనే లేదు, గమనించండి.

1947లో ఇద్దరు ఆఫీసర్లు, థాంప్సన్, స్టాండింగ్‌ఫోర్డ్, కొత్త పద్ధతులు చూద్దామని అమెరికా వెళ్లారు. అక్కడ గోల్డ్‌స్టైన్ అనే శాస్త్రవేత్త "మీ కేంబ్రిడ్జ్‌లోనే ఒక మెషిన్ కడుతున్నారు కదా" అన్నాడు. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది! లయన్స్ ఆ మెషిన్‌కి 3,000 పౌండ్లు సాయం చేసి, దాని నమూనాలో తమదే ఒకటి కట్టుకుంది. పేరు లియో. మెమరీ చాలా చిన్నది. ఇప్పటి వాట్సాప్ స్టిక్కర్ కూడా పట్టదు అందులో. 1951 నవంబర్‌లో బేకరీ లెక్కలతో రోజువారీ పనిలోకి దిగింది.

నాకు బాగా నచ్చింది మాత్రం 1954 నాటి టీ షాపుల ఆర్డర్ల కథ. అప్పటిదాకా ప్రతి షాపు మేనేజరమ్మా రేపటికి ఏం కావాలో మొత్తం జాబితా రోజూ రాయాలి. దాన్నే యథాతథంగా కంప్యూటర్‌కి ఎక్కించొచ్చు. డేవిడ్ కామినర్ టీమ్ అలా చేయలేదు. సోమవారానికి ఇంత, మంగళవారానికి ఇంత అని ప్రతి షాపుకీ ఒక మామూలు ఆర్డర్ ముందే ఉంచేశారు. మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, ఆవిడ మార్పులు మాత్రమే చెబుతుంది: ఫలానా కేకులు రెండు డజన్లు ఎక్కువ, అంతే. హెడ్‌ఫోన్ పెట్టుకున్న అమ్మాయి వింటూనే కార్డు మీద పంచ్ చేసేస్తుంది. లియో మిగతా లెక్కంతా కట్టి, ఏ షాపుకి ఏం పంపాలో ప్రింట్ తీస్తుంది. మేనేజరమ్మకి రాత తగ్గింది, కౌంటర్ దగ్గర ఉండే టైమ్ పెరిగింది.

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక క్లయింట్ పాత కాగితం ఫారంలోని 60 గళ్లనీ స్క్రీన్ మీద పెట్టించుకున్నాడు. సగం ఎవరూ చూసేవాళ్లు కాదు. నింపేవాళ్లు మాత్రం రోజూ నింపాల్సిందే. కామినర్ ఉంటే ముందు ఆ ఫారం చించేసేవాడు.

లియో పేరు చూసి ఇతర కంపెనీలూ వచ్చాయి. ఫోర్డ్ వాళ్ల జీతాల లెక్కలు కూడా ఇక్కడే చేశారు. 1954లోనే లయన్స్ విడిగా కంప్యూటర్ల కంపెనీ పెట్టింది. కానీ కేకుల డబ్బుతో అమెరికా దిగ్గజాలతో ఎన్నాళ్లు పోటీ పడతారు? 1963లో దాన్ని ఇంగ్లిష్ ఎలక్ట్రిక్‌తో కలిపేశారు. మొదటి లియోని 1965 జనవరిలో ఆపేశారు.